ఒకే చెరువులో ఏ చేపలు కలుస్తాయి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వానలకు చెరువులు నిండగానే మత్స్యకారులు చేప పిల్లల కోసం చూస్తారు. ఒకే నీటిలో ఏవి పొత్తుగా బతుకుతాయో ముందే తెలుసుకోవాలి.

బొచ్చె పై నీటిలోని సూక్ష్మజీవులను తింటుంది. రోహు నడిమి నీటిలో మేస్తుంది. మ్రిగాల అడుగున కుళ్లిన ఆకు, మడ్డి తిని పెరుగుతుంది. మూడింటి మేత వేరు కాబట్టి పోటీ తక్కువ. అందుకే పది పిల్లల్లో 4 బొచ్చె, 3 రోహు, 3 మ్రిగాల అనే లెక్క వాడుకలోకి వచ్చింది. ఎండాకాలానికి ఎండిపోయే కుంటల్లో మ్రిగాలకు బదులు బంగారుతీగ మేలు. అది తొందరగా బరువెక్కుతుంది.

కొర్రమీను మన రాష్ట్ర చేప, ధర కూడా బాగా పలుకుతుంది. కానీ కొర్రమీను, వాలుగ చిన్న చేపలను మింగేస్తాయి. వాటిని ఈ పిల్లలతో కలపొద్దు. పెద్ద చెరువుల్లో వాటిని పూర్తిగా ఏరివేయలేం గనుక అక్కడ 80 నుంచి 100 మిల్లీమీటర్లు పెరిగిన పిల్లలనే వదలండి. జిలేబి చేపలను రానివ్వకండి. అవి త్వరత్వరగా సంతతిని పెంచుకుని మేతంతా తినేస్తాయి.

పిల్లల సంచులను పొద్దున్నే గానీ సాయంత్రం గానీ పావుగంట నీటిపై తేలనివ్వండి. లోపలి నీళ్లూ చెరువు నీళ్లూ ఒకే వేడికి వచ్చాకే మూతి విప్పండి.