అడుగని ప్రశ్న
(శతవార్షికోత్సవ కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలమునకు నూరేండ్లు నిండిన ఈ సంతోష సమయమున, మన పితరులు కట్టిన బడులను, ఆసుపత్రులను, హాస్టళ్ళను తలంచుకొని దేవుని స్తుతించుచున్నాము. అయితే స్తుతితోపాటు ఒప్పుకోలు కూడ ఆరాధనలో భాగమే. కనుక పిల్లల మనోవ్యాధులను గూర్చి మాటలాడుమని మమ్మును కోరినప్పుడు, మా ఒప్పుకోలుతోనే ప్రారంభింపవలెనని తలంచితిమి.

కొన్ని సంవత్సరముల క్రితము మేము సేవచేసిన ఒక గ్రామ సంఘములో పండ్రెండేండ్ల బాలిక యుండెను. ఆదివార పాఠశాలలో కంఠత వాక్యములు అప్పగించుటలో ఆమెయే మొదటిది. ఉన్నట్టుండి మాట తగ్గెను. అన్నము సహింపదు. రాత్రి నిద్ర లేదు. బడిలో బల్లమీద తల వాల్చి నిద్రపోవుచుండెను. గాలి సోకినదని ఇరుగుపొరుగువారనిరి. ఏదో పాపము దాచుచున్నదని మేమంటిమి. ఆదివారము అందరి యెదుట ఆ బిడ్డను నిలువబెట్టి, ఒప్పుకొనుమని గద్దించి ప్రార్థించితిమి. మూడు శుక్రవారములు ఉపవాసముంటిమి. ఆమెను మాత్రము ఏమి జరిగినదని ఒక్క మాట అడుగలేదు.

అడిగినది స్త్రీల మైత్రిలోని ఒక సహోదరి. ఆమె కూడబలుకుకొని చదువును. ఒక సాయంత్రము ఆ ఇంటి అరుగుమీద కూర్చుండి, బాలికతో కలిసి అనపకాయలు ఒలుచుచు, గంటసేపు ఊరి ముచ్చట్లే చెప్పి, చివరకు "రాత్రులు ఏం చేస్తావే అమ్మా?" అని మెల్లగా అడిగెను. "అమ్మకు కాపలా ఉంటా" అని బిడ్డ చెప్పెను. తండ్రి త్రాగివచ్చి తల్లిని కొట్టుచుండెను. తాను ఆదమరచి నిద్రపోయిన ఒక రాత్రి తల్లి చేయి విరిగినది. ఆనాటినుండి ఆ పసిది కన్ను మూయలేదు.

మేము పాపమని గద్దించినది తల్లిమీది ప్రేమను!

మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయములో, శిష్యులు శాస్త్రులతో తర్కించుచుండగా, బాధపడు కుమారుని తెచ్చిన తండ్రి గుంపులో నిలిచియున్నాడు. ప్రభువు బాలుని బాగుచేయకముందే, ఇది ఎంతకాలముగా ఉన్నదని తండ్రిని అడిగెను. వేదాంత కళాశాలలో ఆ భాగముపై మేము వ్యాసము వ్రాసి మంచి మార్కులు పొందితిమి. ఆ ప్రశ్న మాత్రము మా కంట పడలేదు.

తరువాత జరిగినది చెప్పెదము. తల్లిబిడ్డలను రాత్రులు ఆ సహోదరి తన ఇంట ఉంచుకొనెను. ఆశా కార్యకర్త దారి చూపగా జిల్లా ఆసుపత్రికి వెళ్ళితిమి. వైద్యుడు బాలికకు మందు వ్రాయలేదు; భయము లేకుండ నిద్రించు చోటు కావలెననెను. వైద్యము తండ్రికి మొదలుపెట్టెను. సంఘ పెద్ద ఒకరు పదిహేను దినములకొకసారి ఆయనను బస్సులో వెంటబెట్టుకొని పోయెను. రెండుసార్లు ఆయన మరల త్రాగుడులో పడెను. ఇప్పటికిని పూర్తిగా గెలిచెనని చెప్పలేము. కాని బిడ్డ నిద్రపోవుచున్నది, బడికి పోవుచున్నది. మేము వారి ఇంటికి పోయి ఆమెను క్షమాపణ అడిగితిమి. ఆమె ఏమియు అనలేదు. లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి యిచ్చెను. వారి అనుమతితోనే, పేరు, ఊరు చెప్పక ఈ సంగతి చెప్పుచున్నాము.

10 నుండి 19 ఏండ్లవారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి మానసిక రుగ్మత ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన ఆదివార పాఠశాల హాజరుపట్టీ తెరచి లెక్కించుడి. వైద్యుని యొద్దకు పోవుట విశ్వాసలోపము కాదు. 1957లో ఆరంభమైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక ఆరోగ్య కేంద్రములో, రోగితో కుటుంబీకులు కూడ ఉండి చికిత్సలో పాలుపొందుదురు. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశములో నాలుగు జిల్లాలలో మొదలైనప్పుడు, వానిలో మన మెదక్ ఒకటి. 2017 చట్టము ఈ వైద్యమును ప్రజల హక్కుగా చేసినది. 2022 అక్టోబరు 10 నుండి 14416 అను టెలి మానస్ నంబరునకు రాత్రింబగళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును; తెలుగులోనే మాటలాడవచ్చును.

కావున ప్రతి సంఘములోను ఇద్దరు స్త్రీలను, ఇద్దరు పురుషులను ఈ పరిచర్యకు ఏర్పరచుకొనుడని మనవి. వారికి పెద్ద చదువు అక్కరలేదు. బిడ్డ ప్రవర్తనలో మార్పు రెండు వారములు దాటినయెడల పలుకరింపవలెను. విన్నది గుట్టుగా ఉంచవలెను. ప్రార్థన మనవి పేరుతో కూటములో బయటపెట్టరాదు. బిడ్డకు హాని జరుగుచున్నదని తెలిసినయెడల 1098కి తెలుపవలెను. చనిపోవుదునని పలికిన బిడ్డను ఒంటరిగా విడువరాదు. వెంటనే సహాయము కోరవలెను. ఆసుపత్రికి దారి చెప్పి ఊరకుండక, బస్సెక్కి తోడు పోవలెను. ఆ బస్సు ఛార్జీలకు కానుకలలో కొంత తీసియుంచుడి.

ప్రార్థన మానుడని మేము చెప్పుటలేదు. ఆ సహోదరి అరుగుమీద కాయలు ఒలుచుచు ప్రార్థించుచునే యుండెనని తరువాత మాతో చెప్పెను. అటువంటి ప్రార్థన మనకును ప్రభువు నేర్పును గాక. ఆమేన్.