సర్వర్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టమ్? యూనిక్స్ కుటుంబంలో ఎంపిక



సీబీఎస్ఈ ఫలితాలు వెలువడే రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. లక్షలాది విద్యార్థులు దాదాపు ఒకే సమయంలో తమ రోల్ నంబర్లు టైపు చేస్తారు. వాళ్లందరికీ జవాబిచ్చే కంప్యూటరునే సర్వర్ అంటాం. ఆ ఫలితాలను ఇంటర్నెట్‌లో అందించే పనిలో ఢిల్లీలోని నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, అంటే ఎన్ఐసీ, ఏళ్ల తరబడి పాలుపంచుకుంటోంది. 1976లో ఏర్పడిన ఈ సంస్థకు ఢిల్లీ, పుణే, హైదరాబాద్, భువనేశ్వర్‌లలో జాతీయ డేటా సెంటర్లు ఉన్నాయి.

ఇంత పెద్దది కాకపోయినా, మీ కాలేజీకీ ఒక సర్వర్ ఉండవచ్చు. దానిమీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాలి? ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

ప్రపంచంలోని సర్వర్లలో ఎక్కువ భాగం యూనిక్స్ తరహా వ్యవస్థలతో నడుస్తాయి. యూనిక్స్‌ను 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టారు. దాని బాటలో వచ్చినవాటిలో రెండు శాఖలు మనకు ముఖ్యం. మొదటిది బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పెరిగిన బీఎస్‌డీ. నేటి ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ దాని సంతతే. రెండవది లినక్స్. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి యూనిక్స్ పద్ధతిని అనుసరిస్తూ కొత్తగా రాసిన కెర్నెల్ ఇది. యంత్రానికీ ప్రోగ్రాములకూ మధ్య నిలిచి మెమరీని, డిస్కును, ప్రాసెసర్ సమయాన్ని పంచిపెట్టే కేంద్రభాగమే కెర్నెల్.

ఈ రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఫ్రీబీఎస్‌డీలో కెర్నెల్‌ను, ప్రాథమిక ఉపకరణాలను ఒకే బృందం కలిపి తయారుచేస్తుంది. లినక్స్ అన్నది కెర్నెల్ మాత్రమే. దానికి మిగతా భాగాలను చేర్చి డెబియన్, ఉబుంటు, రెడ్ హాట్ వంటి సంస్థలు, బృందాలు పూర్తి వ్యవస్థగా అందిస్తాయి. వీటిని డిస్ట్రిబ్యూషన్లు అంటారు.

2015లో భారత ప్రభుత్వం ఒక విధానం ప్రకటించింది. ఇ-గవర్నెన్స్ పనుల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని దాని సారాంశం. పైన చెప్పినవన్నీ ఓపెన్ సోర్స్‌వే. కాబట్టి వాటిలో ఏది అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

“అన్నిటికన్నా మంచిది ఏది?” అని అడిగితే వాదన తెగదు. మూడు వేరే ప్రశ్నలు అడగండి.

మొదటిది: మనం నడపాల్సిన ప్రోగ్రాముకు ఏది కావాలి? డాకర్ కంటైనర్ల మీద ఆధారపడిన ప్రోగ్రాములకు సాధారణంగా లినక్స్ కెర్నెల్ కావాలి. ఫైళ్లను భద్రంగా దాచే పెద్ద నిల్వ సర్వర్‌కైతే, జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ వ్యవస్థ సిద్ధంగా ఉన్న ఫ్రీబీఎస్‌డీ చక్కగా సరిపోతుంది.

రెండవది: భద్రతా సవరణలు ఎన్నాళ్లు వస్తాయి? ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్లకు సాధారణంగా ఐదేళ్లు వస్తాయి. డెబియన్‌కు మొదట సుమారు మూడేళ్లు, ఆపై మరో బృందం సాయంతో మొత్తం ఐదేళ్ల దాకా వస్తాయి. ఓపెన్‌బీఎస్‌డీ ఆరు నెలలకొక కొత్త వెర్షన్ తెస్తుంది, ఒక్కో వెర్షన్‌కు సుమారు ఏడాదే సవరణలు. అంటే భద్రతకు పేరుపొందిన ఆ వ్యవస్థను కూడా పెట్టి మరిచిపోతే ఏడాది తిరిగేసరికి రక్షణ పోతుంది.

ఈ ప్రశ్న ఎంత విలువైనదో సెంటోస్ కథ చెబుతుంది. రెడ్ హాట్ వారి వ్యవస్థను పోలి, ఉచితంగా దొరికే సెంటోస్‌ను మన దేశంతో సహా ఎన్నో దేశాల్లో సర్వర్లకు వాడారు. 2019లో వచ్చిన సెంటోస్ 8కు 2029 దాకా సవరణలు వస్తాయని అందరూ అనుకున్నారు. 2020 డిసెంబరులో ఆ గడువును కుదించారు, 2021 డిసెంబరు 31తో అది ముగిసింది. పాతదైన సెంటోస్ 7కు కూడా 2024 జూన్ 30తో గడువు తీరింది. ఆ ఖాళీని నింపడానికి 2021లో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. పని ఆగకుండా సర్వర్లను మార్చే భారం మాత్రం వాటిని నడిపేవారి మీదే పడింది.

గడువు తీరిన సర్వర్ ఆగిపోదు. నిన్నటిలాగే నడుస్తుంది, ప్రమాదం అక్కడే ఉంది. ఢిల్లీ కేంద్రంగా 2004 నుంచి పనిచేస్తున్న సెర్ట్-ఇన్, సాఫ్ట్‌వేర్ లోపాలపై ఎప్పటికప్పుడు హెచ్చరికలు జారీచేస్తుంది. హెచ్చరిక చదివినా, దానికి తగిన సవరణే రాకపోతే మీరేం చేయగలరు?

మూడవది: రాత్రి పదింటికి సర్వర్ మొరాయిస్తే బాగుచేసేది ఎవరు? మీ కాలేజీలో డెబియన్ తెలిసినవారు ముగ్గురు, ఫ్రీబీఎస్‌డీ తెలిసినవారు ఒక్కరే ఉన్నారనుకోండి. ఆ ఒక్కరు చదువు ముగించి వెళ్లిపోతే? రెండు వ్యవస్థలూ పనికి సరిపోయినప్పుడు, ఎక్కువమందికి తెలిసినదే ఎంచుకోండి.

చివరగా ఒక చిన్న అభ్యాసం. రేపు మీ కంప్యూటర్ ప్రయోగశాలకు వెళ్లి, అక్కడి సర్వర్‌లో ఏ వ్యవస్థ, ఏ వెర్షన్ నడుస్తోందో అడగండి. దాని సవరణలు ఏ తేదీతో ఆగిపోతాయో కనుక్కుని నోటుబుక్కులో రాసుకోండి. ఆ తేదీ దాటిపోయి ఉంటే, మీ అధ్యాపకులకు ఆ రోజే చెప్పండి.