దంతాపదలు: తక్షణ కర్తవ్యము
(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు వసతిగృహమును గూర్చియుఁ బెద్దలు ప్రసంగించిన యీ వేదికపై మేము పండ్లను గూర్చి మాటలాడుట కొందఱకు వింతగాఁ దోఁచవచ్చును. 30 సంవత్సరములకు మించి త, థ, ద, ధ, న అనువానిని దంత్యాక్షరములని పిల్లలచే వల్లె వేయించితిమి. ఆ దంతమునకే యాపద వాటిల్లినచో నేమి చేయవలయునో యొక్కనాఁడును జెప్పలేదు. మాకే తెలియదు. మా యజ్ఞానమువలన నొక బాలుఁడు నష్టపడెను. ఆ ఋణమును గొంతయైనఁ దీర్చుకొనుటకే యీ నాలుగు మాటలు.

మా పాఠశాలలో నొక సాయంకాలము చెడుగుడాటలో 12 ఏండ్ల బాలుఁడు బోరగిలఁ బడెను. పైవరుస ముందుపన్ను వేరుతోఁగూడ నూడి మట్టిలోఁ బడినది. మేము కంగారుపడి, పన్నును గుడ్డతో గట్టిగాఁ దుడిచి, కాగితమునఁ జుట్టి జేబులో వేసికొని, మఱునాఁ డుదయమున బాలునిఁ బట్టణమునకుఁ గొనిపోయితిమి. దంతవైద్యుఁ డా పొట్లమును విప్పి చూచి, "మాస్టరుగారూ, నిన్ననే దీనిని పాలలో వేసి వెంటనే తెచ్చియున్నచో నిలుచుట కవకాశ ముండెడిది" అనెను. బడి యెదుటి కాఫీహోటలులోఁ బాలు లేకపోలేదు. మాకు జ్ఞానము లేకపోయెను.

పంటివేరును జుట్టి యొక సన్నని పొర యుండును. పన్ను మరల నెముక నంటుకొనుట కందలి జీవకణములే యాధారము. పన్ను బయట నారిపోయి గంట గడచెనా, యవి చాలవఱకు నశించును. గట్టిగాఁ దోమినను నశించును. కావున నూడిన పన్నును వేరువైపుఁ బట్టుకొనక, పైభాగమునే పట్టుకొనవలయును. మట్టి యున్నచోఁ జల్లని పాలతోనో మంచినీటితోనో క్షణకాలము కడిగి, బాలుఁడు తెలివితో నున్నచో వెంటనే దాని స్థానమునందే నిలిపి, మెత్తని గుడ్డను గఱపించి, వైద్యునికడకుఁ బరుగెత్తవలయును. అట్లు పెట్టుటకు ధైర్యము చాలనిచోఁ జల్లని పాలలో వేసి తీసికొనిపోవలయును. నీటిలో నానవేయరాదు. పాలపన్నును మాత్రము మరలఁ బెట్టరాదు. క్రిందఁ బెరుగుచున్న పంటికి హాని కలుగును. పాలపన్నును ఇంటికప్పుపై వేయు మన యాచార మట్లే సాగుఁగాక. స్థిరదంతమును గప్పుపాలు చేయకుందుము.

రెండవ యాపద మెల్లఁగా వచ్చును. సుశ్రుతసంహితయందు ముఖరోగములు 65గా లెక్కింపఁబడి, వానిలోఁ గ్రిమిదంతము పేర్కొనఁబడినది. పంటిని దొలుచునది పురుగు కాదనియు, సూక్ష్మజీవులు పుట్టించు నామ్లమనియు నేఁటి శాస్త్రము. ఆ పుచ్చు మూలమునకు దిగినచోఁ జీము పట్టును. మా పినతండ్రి కుమారునకుఁ గ్రింది దవుడపన్ను పుచ్చి వాచెను. ఇంటఁ గుమార్తె వివాహము. "ముహూర్తము దాటనిండు" అని యతఁడు దుకాణపు మాత్రలు మ్రింగుచు, చెంపకుఁ గాపడము పెట్టుకొనుచు మూఁడు దినములు గడపెను. అప్పగింతల రాత్రికి వాపు గడ్డము క్రిందికి దిగెను. నోరు తెఱవలేఁడు, ఉమ్మి మ్రింగలేఁడు. 108 వాహనమునఁ బెద్దయాసుపత్రికిఁ జేర్పఁగా, వైద్యులు మెడయందు గంటు పెట్టి చీము వెడలించి ప్రాణము నిలిపిరి. జర్మను వైద్యుఁడు లూడ్విగ్ 1836లో వర్ణించిన వ్యాధి యిదియే. నాలుక పైకి లేచి శ్వాసమార్గము మూసికొనిపోవుట దీని భయంకర లక్షణము.

చీము వెడలక, చెడిన పంటికిఁ జికిత్స జరుగక, మాత్రలు మాత్రమే యీ రోగమును గుదుర్పఁజాలవు. చెంప వాచినచో నాఁడే దంతవైద్యునిఁ జూడవలయును. వాపుతో జ్వరము వచ్చినను, వాపు కంటివైపునకో మెడవైపునకో ప్రాఁకినను, నోరు తెఱచుటకుగాని మ్రింగుటకుగాని యూపిరి తీయుటకుగాని కష్టమైనను, అర్ధరాత్రమైనను పెద్దయాసుపత్రికిఁ బోవలయును.

తక్కినవి సంగ్రహముగాఁ జెప్పెదము. పన్ను తీయించిన పిమ్మట రక్తము కాఱినచో శుభ్రమైన గుడ్డను మడిచి 20 నిమిషములు గట్టిగాఁ గఱచియుండవలయును. మాటిమాటికి నుమియరాదు, పుక్కిలింపరాదు. ఆగనిచో వైద్యునికడకుఁ బోవలయును. నొప్పికి లవంగనూనె తాత్కాలికోపశమనమే. ఆస్పిరిన్ మాత్రను జిగురుపైఁ బెట్టినచో జిగురు కాలును. నడచునప్పుడు దవుడలో నొప్పి పుట్టి, చెమట పట్టి, ఱొమ్ము బిగిసినచో నది పంటినొప్పి కాక గుండెజబ్బు కావచ్చును. తక్షణమే 108ని బిలువుఁడు.

సంఘమునకు మా విన్నపములు రెండు. మన వసతిగృహమున నీ విషయములను వ్రాసిన పలక యొకటి గోడకుఁ దగిలింపవలయును. రాత్రివేళ బీదవాఁ డాసుపత్రికిఁ బోవుటకుఁ బ్రయాణవ్యయ నిధి యొకటి పోషకులు నెలకొల్పవలయును. ప్రభుత్వ దంతవైద్యశాలలు హైదరాబాదు, విజయవాడ, కడప నగరములయందుఁ గలవు. బీదవాఁ డచ్చటికిఁ జేరుటయే కష్టము.

ఆ బాలుఁ డిప్పుడు గృహస్థుఁడు. ఈ సభయందే యున్నాఁడు. ఆతఁడు నవ్వినప్పుడెల్ల నా కట్టుడుపన్ను మాకుఁ గానవచ్చును. మఱియొక యుపాధ్యాయునకు నట్టి చింత కలుగకుండుఁగాక! మన సంఘీయుల కాయురారోగ్యములు సమృద్ధమగుఁగాక!

స్వస్తి.