వీథి మారునపుడు వీథివారి మాట

(సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మన మూడు పట్టణములును మన కన్నులయెదుటనే రూపు మార్చుకొనుచున్నవి. 2019లో ఈ ప్రాంతమున కొక పట్టణాభివృద్ధి సంస్థ యేర్పడినది. 2021లో కుప్పము పురపాలకసంఘమునకు తొలి యెన్నికలు జరిగినవి. 2025 జనవరిలో ‘స్వర్ణ కుప్పం’ అను పేర 2029 వఱకు నొక ప్రణాళిక ప్రకటింపబడినది. బాటలు విశాలమగుటను, మురుగుకాలువలు చక్కబడుటను నేను కాదనువాడను గాను. ఇల్లంటుకొన్ననాడు ఫైరింజను దూరజాలని సందులో నివసించుట గొప్పతనము గాదు. నేను విన్నవింపగోరున దొక్కటియే: వీథిని మార్చునపుడు అందు నివసించువారందఱి మాటయు, అనగా ఇంటియజమాని మాటయే గాక అద్దెకున్నవాని మాటయు, గోడపై గుఱుతు పడకమునుపే వినవలెను.

ఇది క్రొత్తగా పుట్టిన కోరిక గాదు. ఇండ్లు, తోటలు, చెఱువులు మొదలగు వానిని గూర్చిన తగవులను ఇరుగుపొరుగువారి సాక్ష్యమును బట్టి తీర్పవలెనని కౌటిల్యుని యర్థశాస్త్రము విధించినది. ఇల్లమ్మదలచినవాడు మొదట జ్ఞాతులకును, పిమ్మట పొరుగువారికిని, ఆ పిమ్మట ఋణదాతలకును దానిని కొను నవకాశ మీయవలెను. ఆ యింటిముందే, పొరుగున నున్న నలువది కుటుంబములవారి యెదుట, అమ్మకమును చాటవలెను. ఒక్క యిల్లు చేతులు మారుటకే యింత చాటింపు వలసియుండగా, వీథి యంతయు మారుట నిశ్శబ్దముగా జరుగదగునా?

1914లో మన దేశమునకు వచ్చిన పాట్రిక్ గెడ్డెస్ అను పట్టణశాస్త్రజ్ఞుడు తంజావూరు, మధుర మొదలగు పట్టణములను వీథివీథియు కాలినడకన పరిశీలించెను. పాత పేటల నడుమ తిన్నని బాటలు చీల్చుటకంటె, శిథిలములైన యిండ్లను మాత్రము తొలగించి, అచ్చటచ్చట వెలుతురును చెట్లనీడను కల్పించుట మేలనియు, అందు ఖర్చును స్వల్పమనియు నాతడు బోధించెను. వైద్యుడు నాడి చూడకయే కత్తి పట్టరాదనుట యాతని సిద్ధాంతము. 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టము సైతము ముసాయిదాను ప్రకటించి ప్రజల యాక్షేపణలు పిలువవలెనని నియమించెను.

అట్లు పిలువనిచో నేమగునో యిటీవల చూచితిమి. 2024 సెప్టెంబరులో హైదరాబాదునందు మూసీనదీ పథకమునకై, నదీగర్భమున నున్నవని యెంచిన యిండ్లపై నధికారులు ఎఱ్ఱరంగుతో గుఱుతులు వేసిరి. ప్రభుత్వము రెండు పడకగదుల యిండ్ల నిచ్చెదమనెను. కొందఱు వెడలిరి, పెక్కండ్రు మొఱపెట్టిరి. తన యింటి సంగతి తన గోడమీది రంగువలన దెలిసినవానికి మంచి పథకము సైతము శత్రువువలెనే కనబడును.

ఇక చట్టము మనకెంత తోడ్పడును? 1993 జూన్ 1న అమలునకు వచ్చిన రాజ్యాంగపు 74వ సవరణ వార్డుసంఘములను తప్పనిసరి చేసినది మూడులక్షలును అంతకు మించియు జనాభాగల పట్టణములకే. 2011 జనగణనమున మన మూడు పట్టణములలో నేదియు ఆ సంఖ్యను చేరలేదు. 2013 నాటి భూసేకరణ చట్టము సామాజిక ప్రభావ పరిశీలనమును, బహిరంగ విచారణను, ఆక్షేపణలకు 60 దినముల గడువును విధించినది. పట్టణమున మూడేండ్లుగా నివసించిన కుటుంబమును, అది స్వంతయిల్లు గలది కాకున్నను, బాధితకుటుంబముగా నెంచినది. కాని బాట వెడల్పునకై యజమాని తన స్థలమును తానే యొప్పగించి, ప్రతిగా మఱియొకచోట అదనముగా కట్టుకొను హక్కునిచ్చు టీ.డీ.ఆర్. బాండును పుచ్చుకొన్నచో ఆ విచారణ యుండదు. సంతకము యజమానిది, మూటాముల్లె సర్దుకొనువాడు అద్దెదారు. బాండులో వానికి పాలు లేదు.

మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయువారికి ఇల్లే కార్ఖానా. మగ్గమున్న గది నాలుగడుగులు తెగినచో మిగిలినది ఇల్లగునేమో గాని పనిచోటు గాదు. ఊరిబయట మూడవ అంతస్తున గది యిచ్చినను అచ్చట మగ్గపు గుంత యెట్లు త్రవ్వుదురు? జీవించు హక్కులో జీవనోపాధియు నిమిడియున్నదని సర్వోన్నత న్యాయస్థానము 1985లోనే బొంబాయి కాలిబాటవాసుల వ్యాజ్యమున సెలవిచ్చినది.

ఏ గోడయు కూలకుండనే ఊరు విడుచుటయు గలదు. బాట విశాలము కాగానే అద్దెలు హెచ్చును. ఇందు నోటీసు లేదు, విచారణ లేదు. ఒకప్పుడు అంతరించునేమో యనుకొన్న పుంగనూరు పొట్టియావు నేడు ధనికుల లోగిళ్లలో ముద్దుగా పెరుగుచున్నది. దాని వెల హెచ్చెను, సంతోషమే. పుంగనూరి స్థలము వెలయు హెచ్చుగాక. ఆ యూరివానికి ఊరిలో చోటును మిగులవలెను గదా!

పోషకమహాశయులారా! మీలో వీథిముఖమున స్థలములు గలవారున్నారు. మీ లాభమునకు నేను అడ్డుపడను. అద్దెవాడు నేడుండి రేపు పోవువాడు, వానితో సంప్రదింపేల యని కొందఱందురు. ఇరువదియేండ్లు ఒక్క గదిలో కాపురముండి, బిడ్డలను చదివించినవాడు రేపు పోవువాడెట్లగును? మన సంఘపు చందాపుస్తకమున వానిపేరును గలదు. కావున సంఘము మూడు పనులు పూనవలెను. ప్రణాళికల ముసాయిదాలు వెలువడగానే వార్డువార్డున తేటతెలుగున చదివి వినిపింపవలెను. ప్రతి వీథికి నొక పట్టిక వ్రాసి, యజమానులను, అద్దెదారులను, మగ్గములను, దుకాణములను, వారు వచ్చిన సంవత్సరములను నమోదు చేయవలెను. అద్దె రసీదు నిచ్చుటకు యజమానులు వెనుదీయరాదు, నివాసమునకు సాక్ష్య మదియే. గడువు దాటకమునుపే ఆక్షేపణలను వ్రాతమూలముగా నందింపవలెను.

ఆ యర్జీపై మనవారి సంతకములే యున్న చాలదు. వీథి యే యొక్క కులమునకు చెందినది గాదు. కుప్పమున గంగమ్మ జాతరకు ఊరంతయు నొక్కటియై కూడును. అర్జీకి మాత్రమేల విడిపోవలెను? స్థలము గలవాడు తన ప్రక్కన నిలిచిన అద్దెవాని చేతికి కలమందించిననాడు మన సంఘము పేరు సార్థకమగును.