రెండో డికాషను
(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇవాళ నన్ను కాఫీ గురించి మాట్లాడమన్నారు. "కాఫీ గురించి చెప్పడానికేముంది? రోజూ కలిపేదే గదా!" అని వెనక ఎవరో నవ్వారు. నాకు వినపడింది. నిజమే. రోజూ కలిపేది మనమే. ఇంట్లో అందరికీ ఇచ్చేది మనమే. మరి మనం తాగే కాఫీ ఎట్లా ఉంటుంది? ఆ మాట ముందు చెబుతాను.

నేను కాపురానికి వచ్చినప్పుడు మా అత్తగారింట్లో ఇత్తడి ఫిల్టరు ఉండేది. పొద్దున్నే అందులో పొడి వేసి, మరిగిన నీళ్లు పోసేవాళ్లం. నల్లగా, చిక్కగా దిగేది మొదటి డికాషను. అది మామగారికి, మా ఆయనకి, మరుదులకి. ఇంటికొచ్చిన వాళ్లకి. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే దిగేది రెండో డికాషను. అది నాకు, అత్తగారికి. రంగు ఉండేది, రుచి ఉండేది కాదు. మా అత్తగారు చెడ్డ మనిషి కాదు. ఆమె కూడా ఆ రెండో డికాషనే తాగేది. ఆమె అత్తగారూ అదే తాగి ఉంటుంది.

మీలో ఎంతమంది ఇళ్లలో ఇట్లా ఉంది? చేతులెత్తండి. చాలా చేతులే లేచాయి. సరే, దించండి.

ఇదిగో, ఇక్కడ రెండు గాజు గ్లాసుల్లో చన్నీళ్లు పెట్టాను. రెండు రకాల కాఫీ పొడి తెచ్చాను. ఒక్కో గ్లాసులో చిటికెడు పొడి పైన చల్లుతున్నాను. కలపడం లేదు. వీటిని ఎవరూ కదపకండి. కాసేపాగి చూద్దాం.

అసలు కాఫీ మనది కాదు. ఆఫ్రికా ఖండంలో ఇథియోపియా అనే దేశం ఉంది. కాఫీ చెట్టు పుట్టిల్లు అది. అక్కడినుంచి సముద్రం దాటి యెమెన్ అనే అరబ్బు దేశానికి వెళ్లింది. అక్కడినుంచి బాబా బుడన్ అనే ఫకీరు 7 గింజలు తెచ్చి కర్ణాటకలో చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. ఇది 17వ శతాబ్దం నాటి మాట. ఆ కొండలకి ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

మనకి దగ్గరగా అరకులోనూ కాఫీ పండుతుంది. కిందటేడు మా సంఘం వాళ్లం వెళ్లి చూసొచ్చాం. గిరిజన రైతుల చిన్న చిన్న తోటలు. పైన సిల్వర్ ఓక్ చెట్ల నీడ. ఆ చెట్లకి మిరియాల తీగలు. కింద కాఫీ మొక్కలు. పండు ఎర్రగా, రేగుపండులా ఉంటుంది. లోపల రెండు గింజలు మొహం మొహం ఆనించుకుని ఉంటాయి. పళ్లన్నీ ఒకేసారి పండవు. పండినవి ఏరి కోసి, మళ్లీ కొన్నాళ్లకి రావాలి. ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్ల చేతులే. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే, వేరే చోట పండిన కాఫీని అరకు కాఫీ అని పేరు పెట్టి అమ్మకూడదు.

ఇథియోపియా సంగతి ఇంకొకటి చెప్పాలి. అక్కడ ఇంటికి చుట్టాలొస్తే ఆ ఇంటి ఆడమనిషే కాఫీ చేస్తుంది. పచ్చి గింజలు అందరి ముందూ వేయిస్తుంది. ఆ పొగ వాసన అందరికీ చూపిస్తుంది. దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాస్తుంది. ఒకే పొడి మీద మూడు విడతలు నీళ్లు పోస్తారు. మొదటిది ఆబోల్, రెండోది తోనా, మూడోది బరకా. బరకా అంటే దీవెన. మూడోది పలచన. కానీ మూడు విడతలూ అందరూ కలిసి తాగుతారు. చిక్కనిది ఒకరికి, పలచనిది ఒకరికి అని ఉండదు. నాకు ఈ సంగతి చదివినప్పుడు మా అత్తగారు గుర్తొచ్చింది.

ఇప్పుడు గ్లాసులు చూడండి. ముందుకు రండి, తోసుకోకండి. ఈ గ్లాసులో పొడి ఇంకా పైనే తేలుతోంది. ఆ గ్లాసులో చూశారా? పొడి కిందికి దిగుతోంది. దిగేచోట గోధుమ రంగు గీతలు పడుతున్నాయి. తేలేది కాఫీ. గీతలు గీస్తూ మునిగేది చికోరీ.

చికోరీ అంటే ఒక మొక్క వేరు. గుజరాత్‌లో, ఉత్తర ప్రదేశ్‌లో పండిస్తారు. ఎండబెట్టి, వేయించి, పొడి చేసి కాఫీలో కలుపుతారు. అది విషం కాదు. మోసమూ కాదు, చెప్పి అమ్మితే. డికాషను చిక్కగా, నల్లగా దిగుతుంది. చాలామందికి ఆ రుచే అలవాటు. కానీ కాఫీ కంటే చికోరీ చవక. కాఫీ ధర తీసుకుని చికోరీ ఎక్కువ పోస్తే అది మన డబ్బు. చట్టం ప్రకారం చికోరీ కలిపిన పొడిలో నూటికి 51 పాళ్లకి తక్కువ కాకుండా కాఫీ ఉండాలి. ఎంత కాఫీ, ఎంత చికోరీ అన్నది పొట్లం మీద రాయాలి.

"పొట్లం మీద ఇంగ్లీషులో ఉంటుంది. మేం చదివేది తెలుగు" అంటారు మీరు. నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ అంకెలు ఏ భాషలో అయినా అవే గదా! పొట్లం తిప్పి చూడండి. కూడితే 100 అయ్యే రెండు అంకెలు వెతకండి. 53, 47. 60, 40. 70, 30. 80, 20. మామూలుగా ముందుండేది కాఫీ, తరువాత ఉండేది చికోరీ. రెండు పొట్లాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏది ఏ ధరకి ఇస్తున్నాడో మీకే తెలుస్తుంది. నేను పదేళ్లు ఒకే దుకాణంలో విడిపొడి కొన్నాను. అక్షరాలు నేర్చుకున్నాక ఒకరోజు ఆ పొడిని ఇట్లా నీళ్లలో చల్లాను. చాలావరకు మునిగిపోయింది. దుకాణం పేరు చెప్పను. ఇప్పుడు పొట్లం కొంటున్నాను, చదివి కొంటున్నాను.

ఇక డికాషను. కాఫీ రుచి అంతా ఇక్కడే ఉంది. కాబట్టి తొందరపడకుండా చెబుతాను.

ఫిల్టరు పై గిన్నెలో మూడు చెంచాల పొడి వేయండి. పైన గొడుగులాంటి బిళ్ల పెట్టి కొంచెం అదమండి. గట్టిగా అదిమితే నీళ్లు దిగవు. వదులుగా వదిలేస్తే బుడబుడమని దిగిపోతాయి, రుచి పట్టదు. నీళ్లు బాగా మరిగాక దించి పోయండి. మూత పెట్టండి. పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈలోగా మీ పనేదో చేసుకోండి. చుక్క చుక్కగా దిగుతుంది. దిగిన డికాషనుని మళ్లీ పొయ్యి మీద పెట్టి మరగబెట్టకండి, చేదెక్కుతుంది. పాలు వేడిగా ఉంటే చాలు.

ఫిల్టరు లేదా? గిన్నెలో నీళ్లు మరగనిచ్చి దించండి. దించాకే పొడి వేయండి. మూతపెట్టి ఐదు నిమిషాలు ఆగి పలచని గుడ్డతో వడగట్టండి. మా అమ్మ ఇట్లాగే చేసేది. ఫిల్టరు కాఫీకి ఇది ఏమీ తీసిపోదు. పొడి మాత్రం గట్టి మూత ఉన్న డబ్బాలో దాచండి. కొంచెం కొంచెం కొనుక్కోండి. గాలి తగిలితే వాసన పోతుంది.

రెండో డికాషను ఎందుకు చప్పగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది గదా. పొడిలో ఉన్న సారం చాలావరకు మొదటి నీళ్లతోనే దిగిపోతుంది. ఈ మాట మా అత్తగారికి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున మొదటి డికాషను దిగగానే రెండు గ్లాసులు కలిపి, ఒకటి నా చేతిలో పెట్టింది. ఇద్దరం వంటింట్లో పీటలేసుకుని తాగాం. మా ఆయన తన గ్లాసు తాగి, "ఏంటివాళ కాఫీ ఇట్లా ఉంది?" అన్నారు. "ఇరవై ఏళ్లుగా నేను తాగుతున్నది అదేరా" అంది అత్తగారు. అంతే. మరుసటి రోజునుంచి మా ఇంట్లో ఇంకో చెంచా పొడి ఎక్కువ పడుతోంది. డికాషను ఒకటే.

ఇప్పుడు మీరు ఎదురు చూస్తున్న మాట, రకరకాల రుచులు. బజారులో వాసనలు వేసిన కాఫీ పొడులు సీసాల్లో వస్తున్నాయి. వెనిలా అని, హేజెల్‌నట్ అని. ఇష్టమైతే కొనుక్కోండి, నేను వద్దనను. కానీ పాలు, చక్కెర, కాఫీ కలిపేసిన చిన్న పొట్లాలు ఉంటాయి చూడండి. అందులో ఏం కలిపారో వెనక రాస్తారు. ఎక్కువ బరువున్న దాని పేరు ముందు రాయాలని నియమం. చాలా పొట్లాల మీద మొదట ఉండేది చక్కెర పేరే. కాఫీ ధరకి చక్కెర కొనుక్కోవడం నాకైతే నచ్చదు.

మన పోపులపెట్టెలో ఉన్నవే చాలు. అరబ్బులు కాఫీలో ఏలకులు వేస్తారు. మనం కూడా ఒక ఏలక్కాయ దంచి, ఫిల్టరులో పొడితోపాటే వేయొచ్చు. వాసన నీళ్లతో కలిసి దిగుతుంది. యెమెన్‌లో కాఫీ గింజలు తీశాక మిగిలిన పొట్టుని పారేయరు. అల్లం వేసి కాచుకుంటారు. అల్లం బదులు మనకి శొంఠి ఉంది. చిటికెడు చాలు, ఎక్కువైతే గొంతు మండుతుంది.

మెక్సికో అనే దేశంలో మట్టికుండలో కాఫీ కాస్తారు. నీళ్లలో దాల్చిన చెక్క ముక్క, మన బెల్లంలాంటి బెల్లం వేసి మరిగిస్తారు. కాఫీ పొడి వేసి, మూతపెట్టి, తేరాక వడగడతారు. పాలు పోయరు. పాలు అయిపోయిన రోజు నేను ఇదే చేస్తాను. నిజం చెప్పాలంటే పాలు ఉన్నా చేస్తాను.

బెల్లం అన్నాను గనక ఒక జాగ్రత్త. పాలు పొయ్యి మీద ఉండగా బెల్లం వేయకండి, విరిగిపోతాయి. కాఫీ కలిపి దించి, కాస్త వేడి తగ్గాక వేయండి.

తమిళనాడులో సుక్కు కాపీ అంటారు. మన శొంఠి కాఫీ. రెండు చెంచాల ధనియాలు, చిన్న శొంఠి కొమ్ము, ఐదు మిరియాలు కొంచెం వేయించి దంచండి. రెండు గ్లాసుల నీళ్లలో ఒక చెంచా పొడి, తాటిబెల్లం వేసి మరిగించి వడగట్టండి. ఇష్టమైతే చిటికెడు కాఫీ పొడి. లేకపోయినా పరవాలేదు. వానాకాలంలో నాట్లేసి వచ్చాక ఇది తాగితే ఒళ్లు వెచ్చబడుతుంది.

పిల్లలు నురగ కాఫీ అడుగుతారు. 2020లో లాక్‌డౌన్ అప్పుడు అందరూ ఫోన్లలో చూసి చేశారు. ఇన్‌స్టంట్ పొడి, చక్కెర, వేడినీళ్లు సమానంగా తీసుకుని, తెల్లబడేదాకా గిలకొట్టాలి. ఆ నురగని చల్లని పాల మీద వేయాలి. బాగుంటుంది. కానీ చెయ్యి పడిపోతుంది, పొడీ ఎక్కువ పడుతుంది. అడిగిన వాళ్ల చేతే గిలకొట్టించండి.

ఇక ఆఖరి సంగతి. ఇది నవ్వులాట కాదు. నా రెండో కాన్పప్పుడు రక్తం తక్కువగా ఉందని ఇనుము మాత్రలు ఇచ్చారు. నేను ఒక్కరోజు కూడా మానలేదు. రెండు నెలలైనా రక్తం పెరగలేదు. "మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు?" అని నర్సమ్మ అడిగింది. "పొద్దున్నే కాఫీతో" అన్నాను. ఆమె తల పట్టుకుంది.

కాఫీ, టీ రెండూ మనం తిన్న ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. మాత్ర మింగినా, ఆకుకూర తిన్నా, వెంటనే కాఫీ తాగితే చాలావరకు వృథా. మన దేశంలో 2019-21 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఏం చెబుతోందంటే, భోజనానికి గంట ముందు, భోజనం తరువాత గంట దాకా కాఫీ, టీ తాగవద్దంటోంది. మాత్రకీ అదే లెక్క పెట్టుకోండి. మాత్రని నిమ్మకాయ నీళ్లతో మింగండి. నిమ్మ, ఉసిరి, జామ ఇనుముని ఒంటికి పట్టిస్తాయి. నేను మాత్రని మధ్యాహ్నానికి మార్చాను. కాఫీ మానలేదు. కాన్పు వేళకి రక్తం పెరిగింది.

కాఫీలో కెఫీన్ అనే పదార్థం ఉంటుంది. నిద్ర ఆపేది అదే. చిక్కని డికాషను కాఫీ ఒక చిన్న గ్లాసులో 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65. రోజుకి 300 దాటకూడదంటారు. గర్భిణులు 200 లోపే ఉండాలంటారు. అంటే చిక్కని డికాషను కాఫీ అయితే రెండు చిన్న గ్లాసులకే ఆ లెక్క దాటిపోవచ్చు, టీ కూడా తాగితే అదీ కలుపుకోవాలి. చికోరీలో కెఫీన్ లేదు. నిద్ర పట్టనివాళ్లు చికోరీ ఎక్కువున్న పొట్లమే తెలిసి కొనుక్కోవచ్చు.

ఇంకా ఏమైనా అడగాలంటే అడగండి. స్టవ్వు మీద నీళ్లు మరుగుతున్నాయి. ఒక గిన్నెలో ఏలక్కాయ, ఒక గిన్నెలో దాల్చిన చెక్క, బెల్లం. మీరు భోజనం చేసి గంట దాటింది గదా? ఎవరికి ఏది కావాలో చెప్పండి. వెనక కూర్చున్నవాళ్లనుంచి మొదలుపెడతాను.