కెమెరా ఎవరికి జవాబు చెప్పాలి?

(జహీరాబాద్‌లో కళాశాల విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఒక నవలతో మా మాట ప్రారంభిస్తాము. కోరీ డాక్టరో అనే రచయిత 2008లో యువ పాఠకుల కోసం ‘లిటిల్ బ్రదర్’ అనే నవల వ్రాశారు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఉగ్రవాద దాడి జరుగుతుంది. ఆ సమయంలో వీధిలో ఉన్న పాపానికి మార్కస్ అనే పదిహేడేళ్ల విద్యార్థినీ, అతని మిత్రులనూ భద్రతాధికారులు నిర్బంధిస్తారు. అతడు బయటికి వచ్చేసరికి నగరమంతా నిఘా నీడలోకి వెళ్లి ఉంటుంది. ఆ పిల్లలు దానిని ఎదిరిస్తారు. నడకను బట్టి మనిషిని గుర్తుపట్టే కెమెరాలను ఏమార్చడానికి మార్కస్ తన బూట్లలో గులకరాళ్లు వేసుకుంటాడు.

యువకులకు ఆ ఘట్టం నచ్చుతుంది. మమ్మల్ని ఆలోచింపజేసినది మరొక ఘట్టం. లాటిన్ అమెరికా మూలాలున్న జోలూ, మార్కస్‌కు ప్రాణమిత్రుడు. ఒక దశలో అతడు ఉద్యమం నుంచి తప్పుకుంటాడు. పట్టుబడితే తెల్లవాడైన మిత్రునికి పడే శిక్ష, తనకు పడే శిక్ష ఒక్కటి కావని అతనికి తెలుసు. నిఘా అందరి మీదా ఉంటుంది. దాని బరువు మాత్రం అందరి మీదా సమానంగా పడదు. ఈ సత్యం తెలుసుకోవడానికి మనం అమెరికా వరకు వెళ్లనక్కర లేదు.

మన రాష్ట్రంలో 2013 నాటి ప్రజా భద్రతా చట్టం ప్రకారం ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ గుమిగూడే అవకాశమున్న సంస్థలు సీసీ కెమెరాలు పెట్టుకోవాలి. దుకాణాలు, ఆసుపత్రులు, కళాశాలలు, ప్రార్థనాలయాలు కూడా ఈ పరిధిలోకి వస్తాయి. 2018లో ముఖాన్ని బట్టి మనిషిని గుర్తించే పరిజ్ఞానం పోలీసుల చేతి ఫోన్లలోకి వచ్చింది. 2022 ఆగస్టు 4న హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ కేంద్రం ప్రారంభమైంది. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2021లో పాతబస్తీ వైపు రెండు ప్రాంతాలను పరిశీలించింది. కాలాపత్తర్‌లో 53.7 శాతం, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం విస్తీర్ణం కెమెరాల చూపులో ఉన్నట్లు అంచనా వేసింది.

కెమెరాల వల్ల మేలే లేదని మేము అనము. మన ఊరి గుండా 65వ నంబరు జాతీయ రహదారి పోతున్నది. ఎవరినైనా వాహనం గుద్ది పారిపోతే ఆ కుటుంబానికి కెమెరాయే సాక్షి. తప్పిపోయిన బిడ్డను వెదికే తల్లికీ అదే ఆశ. అయితే ఆ సాక్ష్యాన్ని చదివే మనిషి తొందరపడితే ఏమవుతుందో మన పొరుగునే చూశాము.

2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడే వరకు మనదీ మెదక్ జిల్లాయే. ఆ మెదక్ పట్టణానికి చెందిన ఒక ముస్లిం కూలీని 2023 జనవరి చివరన గొలుసు దొంగతనం కేసులో పోలీసులు పట్టుకున్నారు. సీసీ కెమెరా దృశ్యంలోని మనిషికీ, అతనికీ పోలిక ఉన్నదన్నదే ఆధారం. కొన్ని రోజుల తరువాత విడిచిపెట్టారు. తనను చిత్రహింసలు పెట్టారని ఆసుపత్రి మంచం మీద నుంచి అతడే చెప్పాడు. ఫిబ్రవరిలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. హైకోర్టు ఆ ఉదంతాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది.

కెమెరా చూపినది ఒక పోలికను మాత్రమే. ఆ పోలికను నేరంగా నిర్ధారించుకున్నది మనుషులు. అందిన సమాచారాన్ని సరిచూసుకోకుండా అమాయకులకు హాని చేయరాదని, అనుమానాలతో ఇతరుల గుట్టు వెదకరాదని సూరె హుజురాత్ మనకు బోధిస్తున్నది. భారత రాజ్యాంగం 21వ అధికరణం ప్రతి పౌరునికీ ఇచ్చిన హామీ కూడా ఇదే దారిలో ఉన్నది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ప్రభుత్వం ఆ గోప్యతలోకి రావాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, చర్య ఆ ప్రయోజనానికి మించకూడదు.

ఈ తీర్పును పట్టుకుని నిలబడిన పౌరుడు హైదరాబాద్‌లోనే ఉన్నారు. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజులలో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు రోడ్డుపై ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన నిరాకరించినా ఫోటో తీసుకున్నారు. ఆయన కెమెరాపై రాయి విసరలేదు, ఇంట్లో దాగలేదు. ఏ చట్టం కింద ఫోటో తీశారని లీగల్ నోటీసు పంపారు, ఆపై హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది.

విద్యార్థులారా, మీకు మేము చెప్పదలచినది ఈ మార్గమే. బూట్లలో గులకరాళ్లు కథకు అందం. మీ చేతిలో ఉండవలసినది చట్టం. 18 ఏళ్లు నిండని వారిని లాకప్‌లో ఉంచరాదని, 24 గంటలలోగా బాలల న్యాయ మండలి ముందు హాజరు పరచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతున్నది. పెద్దవారినైతే అరెస్టు చేసిన 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. కుటుంబానికి తెలియజేయాలి. ఈ రెండు మాటలు ప్రతి ఇంట్లో అమ్మలకు, అక్కచెల్లెళ్లకు కూడా కంఠస్థం కావాలి. ఎందుకంటే అర్ధరాత్రి ఠాణా ముందు నిలబడేది చాలాసార్లు వారే.

ఇంకొక కెమెరా సంగతి కూడా గుర్తుంచుకోండి. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి పోలీసు ఠాణాలో సీసీ కెమెరాలు ఉండాలని ఆదేశించింది. ముఖద్వారం, లాకప్పులు, వరండాలు అన్నీ వాటి చూపులో ఉండాలి. దృశ్యాలను 18 నెలలు, అంత సదుపాయం లేకుంటే కనీసం ఒక సంవత్సరం దాచాలి. హక్కుల ఉల్లంఘన జరిగితే ఆ దృశ్యాలను భద్రపరచమని కోరే హక్కు బాధితునికి ఉన్నది. వీధిలోని కెమెరా మనల్ని చూస్తుంటే, ఠాణాలోని కెమెరా అధికారాన్ని చూస్తుంది. మొదటిది నిత్యం వెలుగుతూ రెండవది చెడిపోయి ఉంటే, అక్కడ భద్రత సగమే ఉన్నట్లు.

కెమెరా ఎవరి చేతిలో ఉన్నదన్నది ఎంత ముఖ్యమో ఈ ప్రాంతం ఏనాడో చాటింది. మన పక్కనే ఉన్న పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ద్వారా చదువురాని దళిత మహిళలు వీడియో కెమెరా పట్టారు. తమ చేలను, తమ విత్తనాలను, తమ కష్టాన్ని తామే చిత్రించారు. 2008లో మాచునూరులో వారి సంఘం రేడియో ప్రారంభమైంది. ఎవరో తీస్తే తలవంచుకుని నిలబడవలసిన వారు, తామే తీసేవారయ్యారు. వారికి సాధ్యమైనది మీకు అసాధ్యం కాదు.

కాబట్టి ఈ నెలలోనే ఒక పని చేయండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు వ్రాయండి. మన ఠాణాలో ఎన్ని కెమెరాలున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, దృశ్యాలను ఎన్ని రోజులు దాస్తున్నారు అని మర్యాదగా అడగండి. 30 రోజులలోగా జవాబు ఇవ్వాలి. ఒకరి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటలలోనే ఇవ్వాలి. వచ్చిన జవాబును మసీదు కమిటీకి, బస్తీ పెద్దలకు, ఇతర మతాల మిత్రులకు చదివి వినిపించండి. జవాబు రాకపోతే అప్పీలు చేయండి. ఆ అప్పీలు వ్రాయడంలో మేము మీ పక్కన కూర్చుంటాము.