ముల్లు దిగిన తరువాత
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

"డాక్టరువి కదా, అందరికీ పనికొచ్చే నాలుగు మాటలు చెప్పు" అని సంఘం పెద్దలు అడిగారు. చెప్పుల్లేని కాళ్లతో బడికి నడిచొచ్చిన వాళ్లం మనం. ముల్లు దిగని కాలు ఇక్కడ ఒక్కటీ ఉండదు. అందుకే ఆ ముల్లు గురించే మాట్లాడతాను.

ముల్లు దిగిన చోట కాసేపటికి ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది. ఈ నాలుగు గుర్తులనూ సుమారు 2000 ఏళ్ల కిందటే సెల్సస్ అనే రోమన్ రచయిత రాసిపెట్టాడు. వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, మనం వాపు అంటాం. అది ముల్లు చేసిన పని అనుకుంటాం గానీ, నిజానికి మన ఒళ్లు చేసుకుంటున్న పని.

దెబ్బ తగలగానే చర్మం కింది కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను వదులుతాయి. అక్కడి సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం ఎక్కువగా వస్తుంది కాబట్టి ఎరుపు, వేడి. నాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది కాబట్టి వాపు. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు నరాలను రేపుతాయి కాబట్టి నొప్పి. ఆ కాలును కదపకుండా ఉంచడానికే ఆ నొప్పి. కొన్ని గంటల్లో తెల్లరక్తకణాలు గుంపుగా వచ్చి క్రిములను మింగుతాయి. అలా పోరాడి చచ్చినవే చీములో ఎక్కువ భాగం. ఆ తరువాత పెద్ద కణాలు వచ్చి చెత్త ఊడుస్తాయి, కొత్త కండ పెరుగుతుంది.

దీన్ని కళ్లారా చూసినవాడు మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రవేత్త. 1882లో ఇటలీలోని మెస్సీనాలో, అద్దంలా కనిపించే నక్షత్రచేప పిల్లలకు ముళ్లు గుచ్చాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఈ కాపలా ఒక్కోసారి పొరబడుతుంది. మన తోటల్లో కాయ కోసేటప్పుడు మామిడి సొన పడితే కొందరికి ఒట్టి మచ్చే పడుతుంది, కొందరికి చెయ్యంతా బొబ్బలెక్కి దురద పెడుతుంది. మామిడి, నల్లజీడి ఒకే కుటుంబం చెట్లు. ఆ సొన పడని ఒంట్లో రోగనిరోధక శక్తి అవసరానికి మించి ఎగబడుతుంది. సొన పడిన వెంటనే సబ్బునీళ్లతో కడుక్కోండి.

కీళ్లవాతంలో ఒళ్లు తన కీళ్లనే శత్రువనుకుంటుంది. ఆ జబ్బుకు ఇప్పుడు ఎక్కువగా ఇచ్చే మెథోట్రెక్సేట్ మందు, 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైంది. మొదట క్యాన్సర్ కోసం పుట్టిన మందు అది. ఒక్క జాగ్రత్త: కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లల సంగతి. అవి ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతాయి, నొప్పి తగ్గుతుంది. కానీ కడుపు పొరను కాపాడేదీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేదీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. రెండు రోజులు వాడటం వేరు, నెలల తరబడి మింగడం వేరు.

చివరిగా మా నాయన మాట. ఆయనకు షుగరు. తోటలో కాలికి ముల్లు దిగింది. షుగరుతో నరాలు మొద్దుబారాయి కాబట్టి నొప్పి తెలియలేదు. రక్తం సరిగా పారదు కాబట్టి తెల్లకణాలు చేరలేదు. నేను పండక్కి ఊరికొచ్చి చూసేసరికి వేలు నల్లబడింది. వేలు తీసేయాల్సి వచ్చింది. ఫోనులో రోజూ "బాగున్నావా నాయనా" అని అడిగిన డాక్టరు కొడుకును, కాలు చూపించమని ఒక్కసారీ అడగలేదు.

అందుకే గురువులను ఒకటి వేడుకుంటున్నాను. మీలో షుగరున్నవాళ్లు తోటలోకీ దొడ్లోకీ చెప్పుల్లేకుండా వెళ్లకండి. రోజూ రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేకపోతే మనవళ్లకు చూపించండి. గాయమైతే సబ్బునీళ్లతో కడగండి. కాఫీపొడి, సున్నం పెట్టకండి. ధనుర్వాతం సూది వేయించుకోండి. ఎరుపు పైకి పాకినా, జ్వరమొచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

చిన్నప్పుడు మేము ముల్లు దిగి ఏడిస్తే, కాలు ఒళ్లో పెట్టుకుని పిన్నీసుతో తీసింది మీరే సార్. ఇప్పుడు మీ కాళ్లు చూసే వంతు మాది. ఎవరూ మొహమాటపడకండి. సభ అయ్యాక ఆ వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాను.